గింజ హసీనాబీదే

హసీనాబీ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా రాస్తాను. ఆమె మీద నాకు ముప్పై ఏళ్ల కోపం ఉండేది. ఆ కోపం మొన్నీమధ్య ఒక్క పూటలో ఊడ్చిపెట్టుకుపోయింది. అంత పెద్ద సంగతి కడుపులో దాచుకునే ఓపిక నాకు లేదు.

నా పేరు మోహన్. పెనుకొండ బస్టాండు దగ్గర వీడియో స్టూడియో నాది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్లలో ముస్లింల ఇంట పెళ్లి కుదిరితే ముందు ఇద్దరికి కబురు పోయేది. వంటకు హసీనాబీకి, వీడియోకు నాకు. పెళ్లిళ్ల కాలంలో నా భార్య ముఖం కంటే ఆమె ముఖమే ఎక్కువ చూశాను. ముఖం అన్నానా? తప్పు. నేను చూసింది ఆమె తువ్వాలు.

ఎర్రగళ్ల తువ్వాలు. ఎప్పుడూ భుజం మీద ఉండేది. బిర్యానీ డేగిసా, అదే ఆ పెద్ద గుండిగ, దమ్ మీద ఉండగా నేను కెమెరా భుజానికెత్తుకుని వంటపందిట్లో కాలు పెట్టానో లేదో, ఆ తువ్వాలు పోయి డేగిసా మూత మీద పడేది. ఇంకో అడుగు ముందుకేస్తే నా కెమెరా మీదే పడేది.

"పో అవతలికి! దమ్ మీదున్న డేగిసాకు దిష్టి తగిలితే అడుగంటుతాది. పెండ్లికొడుకును తీసుకో పో, వాడు అడుగంటినా పర్వాలేదు" అని తోలేసేది. పందిరంతా నవ్వేవాళ్లు. నా ఒళ్లు మండేది. పెళ్లి వీడియోలో జనం తిప్పి తిప్పి చూసేది భోజనాలే కదా! అందులో అసలైన ఘట్టం మూత తీయడం. వడ్డన మొదలయ్యేదాకా ఆమె నన్ను దగ్గరికి రానివ్వక, ఆ ఘట్టం నా కెమెరాకు ఒక్కసారీ చిక్కలేదు.

ఇంతకూ ఆమె దాచేదేమిటి? ఒక ఖర్జూరం గింజ.

హసీనాబీ పుట్టిల్లు హిందూపురం, మెట్టినిల్లు పెనుకొండ. భర్త మహమ్మద్ అలీ పెళ్లిళ్ల వంటమేస్త్రీ. ఆయన పిన్నవయసులోనే పోతే, చంకలో కొడుకును పెట్టుకుని ఆమే గరిటె పట్టింది. ఆ రోజుల్లో పెళ్లి డేగిసా దగ్గర ఆడమనిషి నిలబడటం ఈ పక్క ఎవరూ చూసి ఎరగరు. "ఈమె చేతిలో అన్నం ఉడుకుతాదా?" అని పెళ్లివారికి అనుమానం. దమ్ సగంలో ఉండగా ఎవడో ఒకడు పోయి మూత ఎత్తి చూసేవాడు. ఆవిరి పోయి పైన బియ్యం పలుకుగానే మిగిలేవి. మాట పడేది మాత్రం హసీనాబీ.

అట్లా ఒక పెళ్లిలో మాట పడి, మరుసటి పెళ్లికి ఒక ఉపాయం పన్నింది. మూత చుట్టూ గోధుమపిండి తాడులా పేని చుట్టి, ఆ తాడు రెండు కొసలు కలిసేచోట ఒక గింజ గట్టిగా అదిమింది. నికా కాగానే అందరికీ ఖర్జూరాలు పంచుతారు కదా, వాటిలో తనకొచ్చినదాని గింజే అది. పిండి ఎండేకొద్దీ గింజ బిగుసుకుంటుంది. మధ్యలో ఎవరు మూత కదిపినా పిండి పగిలి గింజ ఊడుతుంది. ఊడిందంటే దొంగ దొరికినట్టే. వడ్డన వేళకు పెద్దలందరినీ పిలిచి, "చూడండి, గింజ పెట్టినకాడనే ఉండాది. ఇంగ దీంట్లో తప్పుంటే నాది, ఒప్పుంటే నాది" అని మూత తీసింది. ఆ రోజు బిర్యానీకి వంక పెట్టినవాడు లేడు.

ఆ తర్వాత ఆ గింజ పిల్లల పండగైపోయింది. మూత తీసేటప్పుడు గింజ ఎగిరి ఎవరి చేతిలో పడితే వాళ్లకు మొదటి ప్లేటు, అందులో మూలుగున్న నల్లిబొక్క. ధర్మవరం పట్టుచీరల షావుకార్ల పిల్లలైనా, బత్తలపల్లి గొర్రెలకాపర్ల పిల్లలైనా, గింజ దగ్గర అందరూ ఒకటే. తోసుకునేవాళ్లు, గిల్లుకునేవాళ్లు. ఊళ్లలో పెళ్లికి పిలిస్తే "గింజ బిర్యానీయేనా?" అని అడగడం మామూలైపోయింది.

ఇప్పుడు ఆమె డెబ్బై దాటింది. మోకాళ్లు సహకరించకపోయినా నోరు చెక్కుచెదరలేదు. కొడుకు కూతురు షహనాజ్ హిందూపురంలో డిగ్రీ చేసి, అవ్వ చేతి మసాలాను పొట్లాలు కట్టి అంగళ్లకు వేస్తోంది. పొట్లం మీద ఖర్జూరం గింజ బొమ్మ. బాగానే పోతోంది. ఇంతలో నోటీసు వచ్చింది.

బెంగళూరులో 'దమ్ గింజ' అని హోటళ్లు వెలిశాయి. ఒకటి కాదు, వీధికొకటి. గుర్తు ఏమిటనుకున్నారు? మూత, పిండి తాడు, మధ్యలో ఖర్జూరం గింజ! ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఎదురుగా హైవే మీద కొత్త బ్రాంచి కడుతున్నారు. ఆ కంపెనీ వకీలు షహనాజ్‌కు రాసిందేమిటంటే, గింజ గుర్తు మా పేర రిజిస్టరైంది, అది బాగా పేరుపడ్డ గుర్తు, కాబట్టి బిర్యానీ మీదే కాదు, మసాలా పొట్లం మీదా, సంచి మీదా, దేని మీదా మీరు వాడకూడదు. వంటల్లో కూడా మూతకు గింజ పెట్టడం ఆపేయాలి. లేకుంటే కోర్టు.

షహనాజ్ ఆ కాగితం పట్టుకుని వణుకుతూ నా స్టూడియోకు వచ్చింది. వెనకాలే ఆటోలోంచి హసీనాబీ దిగింది. ఆమె వణకడం లేదు, ఉడికిపోతోంది.

"ఏమప్పా మోహనా, నా గింజ నేను పెట్టుకోకూడదంట! ఎవడబ్బా వాడు? నేను పెట్టేటప్పటికి వానికి పాలపండ్లన్నా వచ్చినాయా? గింజ లేకుండా నేను మూత పెట్టను. పెట్టొద్దంటే గరిటె ఈడనే పారేసి ఇంట్లో కూర్చుంటా" అంది.

ఆమె గరిటె పారేయడమా! తిట్టే మనిషి లేని పెళ్లిపందిరి ఊహించుకుంటే నాకే ఏదోలా అయింది. ముగ్గురం అదే ఆటోలో హిందూపురం పోయాం. కోర్టు వీధిలో భాగ్య అనే లాయరమ్మ ఉంది. నోటీసు చదివి ఆమె ముందు పెదవి విరిచింది.

"పేరుపడ్డ గుర్తుకు చట్టంలో పెద్ద గొడుగే ఉండాది పెద్దమ్మా" అంది. "ఒక సబ్బు పేరు దేశమంతా తెలుసు అనుకో. అదే పేరుతో ఎవడో చెప్పులమ్మినా సబ్బుల కంపెనీ ఆపించొచ్చు. జనం ఆ చెప్పులు కూడా వాళ్లవే అనుకుంటారు కదా. ఈయన ఆ గొడుగు కింద నిలబడి, మసాలా కూడా అమ్మొద్దంటాండాడు."

"గొడుగు వానిదైతే తల నాది" అంది హసీనాబీ.

భాగ్య నవ్వింది. "అదే చెప్తాండా. ఆయన కంటే ముందు నుంచి నువ్వు వాడతాండావని చూపిస్తే, ఆయన రిజిస్టరు చేయించుకున్నా నిన్ను ఆపలేడు. పైగా ఆయన రిజిస్ట్రేషన్నే కొట్టేయమని మనం అడగొచ్చు."

"మేం రిజిస్టరు చేయించుకోలేదు కదా మేడం?" అంది షహనాజ్.

"చేయించుకోకపోయినా పర్వాలేదు. ఆ గుర్తు చూస్తే జనానికి ఎవరు గుర్తొస్తారు, ఎప్పటి నుంచి గుర్తొస్తారు, అదీ లెక్క. ఊళ్లోవాళ్లు సాక్ష్యం చెప్తారు, నిజమే. వాళ్లంతా మీ మనుషులే అని అవతలి వకీలు కొట్టిపారేస్తాడు. తేదీ ఉండే రుజువు ఏమన్నా ఉండాదా?"

నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. తేదీ! నా పాత క్యాసెట్లన్నిటిలో కింది మూలన తేదీ పడి ఉంటుంది. ఒక బీరువా నిండా ఉన్నాయి. ఆ బీరువా అమ్మేయమని నా భార్య ఎన్నిసార్లు పోరిందో. వెనక్కి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాను. "కొట్టినాం షహనాజూ, కొట్టినాం!" అంటూనే ఉన్నాను. హసీనాబీ మాత్రం మాట్లాడలేదు. ఆమె మౌనంగా ఉండటం నేను చూడటం అదే మొదలు. నాకు అప్పుడైనా అర్థం కావలసింది.

స్టూడియోలో పాత వీసీఆర్ బూజు దులిపి మొదటి క్యాసెట్ పెట్టాను. నికా అయింది, ఖర్జూరాలు పంచారు, కెమెరా వంటపందిట్లోకి పోయింది, తువ్వాలు పడింది. రెండోది పెట్టాను. తువ్వాలు. హిందూపురం పెళ్లి, తువ్వాలు. ధర్మవరం పెళ్లి, తువ్వాలు. ఒకదాంట్లో తెర మొత్తం ఎర్రగళ్లే, వెనక నుంచి ఆమె తిట్లు. ముప్పై ఏళ్ల సాక్ష్యాన్ని ఆ మహాతల్లి తన చేత్తోనే కప్పెట్టుకుంది!

నాకు ఆపుకోలేని కోపం వచ్చింది. "చూసినావా హసీనమ్మా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి తియ్యనిచ్చి ఉంటే ఈ పొద్దు మనం రాజాల్లా కూర్చొని ఉందుము కదా! దిష్టి, దిష్టి అని నన్ను కుక్కను తోలినట్టు తోలితివే. ఇప్పుడు తగిలింది చూడు, అసలు దిష్టి!" అని అరిచాను.

ఆమె తువ్వాలు భుజం మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని మడత పెడుతూ కూర్చుంది. "బిర్యానీ కాపాడుకోవాలనుకున్నా మోహనా, ఇంగేమీ అనుకోలా" అంది. అంత అరిచినందుకు సిగ్గేసి, టీవీ వైపు తిరిగి ఊరికే బటన్లు నొక్కుతున్నాను.

"మామా, సౌండు పెంచు" అంది షహనాజ్.

పెంచాను. తెర మీద తువ్వాలే. దాని వెనక నుంచి గొంతులు. "గింజ పెట్టినారా?" "గింజ కదల్లేదు, బాగుండాది!" "రేయ్, ఈ సారి గింజ నాది!" ఇంకా పెంచాను. పక్కనెవరో ముసలాయన, "హసీనాబీ గింజ పెట్టిందంటే ఇంగ అనుమానం లేదప్పా, భోజనాలకు కూర్చోండి" అంటున్నాడు.

షహనాజ్ లేచి నిలబడింది. "మామా, లాయరమ్మ ఏమన్నాది? జనానికి తెలుసా అని కదా! డేగిసా కనబడకపోతే పోనీలే. జనం ఏమంటాండారో వినబడతాంది కదా!"

అప్పుడు చూడాలి మా ముగ్గురి సంబరం! మొదటి నుంచి మళ్లీ అన్నీ తిరగేశాం. డేగిసాను తువ్వాలుతో కప్పింది గానీ, పిల్లలను ఎవరు కప్పగలరు? మూత తీయగానే గింజ దొరికినవాడు అది పట్టుకుని తిన్నగా నా కెమెరా ముందుకే పరిగెత్తుకొచ్చేవాడు. ప్రతి పెళ్లిలో ఎవడో ఒకడు, లేదా ఎవతో ఒకతె, గింజను లెన్సుకు తగిలేటంత దగ్గరగా చూపిస్తూ పళ్లికిలించడం. ఇవన్నీ అప్పట్లో నాకు పనికిరాని ముక్కలు. విసుక్కుంటూనే తీశాను, కత్తిరించడానికి బద్ధకమై వదిలేశాను. నా బద్ధకం మీద నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. ఆ ముక్కలన్నీ తేదీల వరసన కలిపి ఒక వీడియో చేశాను. పెళ్లికూతురు లేని పెళ్లి వీడియో చేయడం నా జన్మలో అదే.

కోర్టుకు పోకముందే ఒకసారి తన ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందామని భాగ్య ఆ కంపెనీకి కబురు పెట్టింది. దమ్ గింజ యజమాని కిషోర్ బెంగళూరు నుంచి తనే వచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, నెమ్మదస్తుడు. ఎర్రమంచిలో కొత్త బ్రాంచి పని చూసుకుని అటు నుంచి అటే వచ్చానన్నాడు. పక్కన అతని వకీలు.

"మాది ధర్మవరమే పెద్దమ్మా. నాయన పోయినాక బెంగళూరు పోయినా" అన్నాడు కిషోర్. "మీ మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆ గింజ ఆలోచన నాది. పేరు ఏం పెట్టాలా, గుర్తు ఏం పెట్టాలా అని కూర్చున్నప్పుడు నాకై నాకే తట్టింది. దాని మీదనే ఇన్ని హోటళ్లు నిలబెట్టినా."

హసీనాబీ అతని ముఖం వైపు పరీక్షగా చూసింది. "ఏమప్పా, మీ హోటల్లో గింజ ఎప్పుడు పెడతారు?"

"వడ్డించే ముందు, చిన్న కుండ మూతకు అంటిస్తాం."

"అంతా అయిపోయినాకనా? మూత తీసి, గిన్నెల్లోకి తోడి, ఆ తర్వాత అంటిస్తారా? మరి అది ఎందుకు నాయనా, బొట్టుబిళ్లా?"

కిషోర్ తన వకీలు వైపు తిరిగాడు. వకీలు అందుకుని చట్టం చెప్పడం మొదలుపెట్టాడు. భాగ్య నాకు సైగ చేసింది. టీవీకి వైరు తగిలించి వీడియో పెట్టాను. గొంతులు మొదలయ్యాయి. గింజలు పట్టుకున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తెర మీదికి దూకుతున్నారు. తేదీ తేదీకీ కిషోర్ వకీలు ముఖం చిన్నబోతోంది. అయినా తగ్గలేదు. "ఇందులో డేగిసా యాడ కనబడతాంది? పిల్లకాయలు గింజలతో ఆడుకుంటే అది ట్రేడ్‌మార్కు ఎట్లయితాది?" అన్నాడు.

"ఆపండి" అన్నాడు కిషోర్.

వకీలు మాటే గెలిచిందేమో అనుకున్నాను. కానీ అతను వకీలును చూడటం లేదు, టీవీ దగ్గరికి నడిచాడు. "వెనక్కి. ఇంకొంచెం వెనక్కి. ఇప్పుడు పెట్టండి."

పెనుకొండలో పట్టుదారం వ్యాపారి ఇంటి పెళ్లి అది. నీలం చొక్కా పిల్లవాడు, ముందు పన్ను లేదు, గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కెమెరాలోకి తోసి నవ్వుతున్నాడు. వాడి వెనక తెల్లచొక్కా మనిషి ఒకాయన. బ్యాండు మోతలో ఆయన మాట మాకెవరికీ అందలేదు. కిషోర్ తనే సౌండు పెంచాడు.

"రేయ్ కిషోరూ, గింజ పారేసుకోవద్దురా. జేబులో పెట్టుకో, అమ్మకు చూపిద్దాం" అంటున్నాడు ఆ తెల్లచొక్కా మనిషి.

కిషోర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా నాయన" అన్నాడు. "గొంతు విని ఎన్నేండ్లయిందో."

మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. ఈ సారి తెర అంచున ఎర్రగళ్ల తువ్వాలు, ఒక చెయ్యి కనబడ్డాయి. ఆ చెయ్యి నీలం చొక్కా పిల్లవాడి తల నిమిరి, వాడికి ప్లేటు అందించింది.

"బెంగళూరులో కూర్చొని నేనే కనిపెట్టినాననుకున్నా" అన్నాడు కిషోర్, హసీనాబీ వైపు తిరిగి. "ఇన్నాళ్లూ నిజంగా అదే అనుకున్నా అవ్వా. ఇది నువ్వే పెట్టినావు నా తలలో."

"నల్లిబొక్క తిన్నావు, నన్ను మరిచిపోయినావు" అంది హసీనాబీ. తిట్టినట్టే అంది గానీ దగ్గరికి పిలిచి అతని తల నిమిరింది. "పోనీలే, గింజన్నా యాదుండాది."

కిషోర్ వకీలు ఏదో అనబోతే కిషోర్ చెయ్యి అడ్డం పెట్టాడు. రిజిస్ట్రేషన్ వదులుకుంటానన్నాడు. హసీనాబీ పేరు మీద దరఖాస్తు పెట్టుకోండి, అభ్యంతరం చెప్పనన్నాడు. ఆ వెంటనే, ఆమె ఒప్పుకుంటే తన హోటళ్లలో ఆ గుర్తు వాడుకుంటానని అడిగాడు. భాగ్య చట్టం తీయబోయింది. హసీనాబీ ఆగమంది.

"వాడుకో. కానీ దమ్ పెట్టేటప్పుడే గింజ పెట్టాల. తినేవాళ్ల ఎదుటనే తీయాల. మధ్యలో ఎవడన్నా మూత ఎత్తినాడని తెలిసిందా, నేనే వస్తా ఎర్రమంచికి, గరిటె తీసుకుని."

"అవ్వ చెప్పినట్టే ఒప్పందం రాస్తా. చట్టంలో కూడా అంతే. గుర్తు ఇచ్చినవాళ్లు సరుకు మీద ఒక కన్నేసి ఉంచాల" అంది భాగ్య. తర్వాత హసీనాబీకి ఇంకో సంగతి గట్టిగా చెప్పింది. ఇకమీదట ప్రతి వంటలోనూ గింజ పెట్టడం వీడియో తీయించి దాచుకోవాలని. హసీనాబీ ముఖం అదోలా పెట్టింది గానీ సరేనంది.

ఆ మరుసటి వారమే ధర్మవరంలో పెళ్లి. పాత అలవాటు కొద్దీ నేను వంటపందిరికి దూరంగానే నిలబడ్డాను. పిండి తాడు చుట్టడం అయింది. షహనాజ్ నికా ఖర్జూరం తెచ్చి ఇచ్చింది. హసీనాబీ తిని, గింజ కడిగి, చేత్తో పట్టుకుని చుట్టూ చూసింది.

"ఏమబ్బా మోహనా, యాడ సచ్చినావు? రాప్పా! గింజ పెడతాండా, తియ్యి!"

కెమెరా పట్టుకుని పరిగెత్తాను. ఈ వయసులో అట్లా పరిగెత్తింది ఇంకెప్పుడూ లేదు. ముప్పై ఏళ్లు నాకు కనబడనివ్వని డేగిసా కళ్లెదుట ఉంది, ఆమె వేలు గింజ మీద ఉంది, తాడు కొసల సందులోంచి ఆవిరి నేరుగా వచ్చి నా లెన్సును కమ్మేసింది. ఏమీ కనబడలేదు. "ఆగు హసీనమ్మా, ఆగు!" అని అరిచాను.

ఆమె ఆగింది. భుజం మీది ఎర్రగళ్ల తువ్వాలు తీసి నా చేతికిచ్చింది. దాంతోనే లెన్సు తుడుచుకున్నాను.